మిషన్ కాదంటే కాదనుకోవాలా? అనుమానం ఎవరి ఖాతాలో రాయాలి?

కరకట్ట | ఆదివారం, ఉదయం 7.12

మాది దివిసీమలో ఓ పల్లె. మా అమ్మమ్మకి 62. ఇరవై ఏళ్లుగా రొయ్యల షెడ్డులో తొక్క తీసే పని. పొద్దున ఐసు నీళ్లలో పెట్టిన చేతులు మళ్లీ మధ్యాహ్నం అన్నానికే బయటికొస్తాయి. ఆ వేళ్లు చింతగింజల్లా నున్నగా ఉంటాయి. గీతలు వెతుక్కోవాలి.

పోయిన నెల రేషన్‌కి నేనే తీసుకెళ్లా. కార్డులో ఆవిడ ఒక్కతే. బొటనవేలు పెట్టింది, ముద్ర పడలేదు. తడిగుడ్డతో తుడుచుకుని పెట్టింది, పడలేదు. తలకి రుద్దుకుని పెట్టమన్నాడు డీలరు, కాస్త నూనె అంటితే పడుతుందని. ఊహూ. వెనక క్యూలో ఉన్నవాళ్లు గొణగడం మొదలెట్టారు. ఆ డీలరుకి అమ్మమ్మ పేరే కాదు, తాత ఏ తుఫాను ఏడు పోయాడో, మా అమ్మ పెళ్లిలో ఏం వడ్డించారో కూడా తెలుసు. అతనే అన్నాడు: “నువ్వు నువ్వేనని నాకు తెలుసు పిన్నీ. మిషను ఒప్పుకోవట్లేదు.”

ఖాళీ సంచితో వెనక్కొచ్చాం. బియ్యం సంగతి ఎలాగో చూసుకున్నాం. కానీ ఆ మాట మాత్రం నన్ను వదలట్లేదు. “నాకు తెలుసు” అంటాడు, అయినా తెలియనట్టే నడుచుకుంటాడు. అతను పిరికివాడా, లేక నిజంగానే మిషను మాట తన మాట కంటే గట్టిదని నమ్ముతున్నాడా? మనిషి గుర్తుపట్టడం ఒకవైపు, యంత్రం గుర్తుపట్టకపోవడం ఒకవైపు ఉన్నప్పుడు ఏది నమ్మాలి? తిట్లు వద్దు, ఆలోచించి చెప్పండి.

సున్నా_ఒకటి | ఆదివారం, ఉదయం 8.05

బ్రదర్, అమ్మమ్మ గారి విషయం వింటే బాధగానే ఉంది. కానీ ఒక్క సంఘటన పట్టుకుని మొత్తం వ్యవస్థని కొట్టేయకండి. నేను సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నా, వేలిముద్రల మీద కాదు గానీ ఇలాంటి మ్యాచింగ్ మీదే పని. మిషన్ రాకముందు ఏం జరిగేదో మర్చిపోయామా? చచ్చిపోయినవాళ్ల పేరు మీద బియ్యం వెళ్లేది. డీలరుకి ఇష్టమైనవాళ్లకి ఒక తూకం, కానివాళ్లకి ఇంకో తూకం. “నాకు తెలుసు” అనే మాట మీద నడిచిన రోజులవి. మిషన్‌కి కులం తెలియదు, పార్టీ తెలియదు. సమానత్వం అంటే అదే కదా.

ఇంకోటి. ఒక్క ప్రయత్నం 100లో 5 సార్లు తప్పుతుందనుకుందాం. మూడుసార్లు వరసగా తప్పే అవకాశం 5 శాతంలో 5 శాతంలో 5 శాతం. అంటే 8000లో ఒకటి. అందుకే మూడోసారి కూడా పడకపోతే అనుమానించడంలో తప్పేమీ లేదు. మీ అమ్మమ్మ గారని కాదు, మామూలుగా చెప్తున్నా.

తర్కశాల | ఆదివారం, ఉదయం 9.40

నేను రిటైరైన తత్వశాస్త్రం మేష్టారిని. ఈ ప్రశ్నకి మనవాళ్లు చాలా కాలం కిందటే సగం సమాధానం చెప్పారు.

కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని ఊహిస్తాం. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, రోజూ వంటింట్లో చూసిందే. న్యాయశాస్త్రంలో (కోర్టు న్యాయం కాదు, మన పాత తర్కశాస్త్రం) అనుమానానికి మొదటి పాఠం ఇది. (అనుమానం అంటే ఇక్కడ ఊహించి తెలుసుకోవడం, డౌటు కాదు. తెలుగులో ఈ మాట డౌటుగా ఎందుకు స్థిరపడిందో వేరే థ్రెడ్‌లో మాట్లాడుకుందాం.) రెండో పాఠం: దాన్ని తిరగేయకూడదు. కమ్మరి కొలిమిలోంచి తీసిన ఎర్రటి ఇనపగుండుని చూడండి. నిప్పుంది, పొగ లేదు. అయోగోళకం అంటారు దాన్ని. పొగ లేదు కాబట్టి నిప్పు లేదనేవాడి నోరు మూయించడానికి తార్కికులు ఆ గుండునే ముందు పెట్టేవారు.

ముద్ర కలిసింది, కాబట్టి మనిషి ఆవిడే. ఇది పొగని చూసి నిప్పుందనడం. చాలావరకు చెల్లుతుంది. ముద్ర కలవలేదు, కాబట్టి ఆవిడ కాదు. ఇది పొగ లేదని నిప్పే లేదనడం. ఐసు నీళ్లలో నానిన వేళ్లు ఆ ఇనపగుండు లాంటివి. మిషను చెప్పింది “ఈవిడ కాదు” అని కాదు, “నాకు పొగ కనిపించలేదు” అని మాత్రమే. మొదటిదాన్ని రెండోదానికి అంటగట్టింది మనం.

ఇక డీలరు చేసింది అసలు అనుమానమే కాదు. ముందు చూసినవాణ్ణి మళ్లీ చూసి “ఆ దేవదత్తుడే ఇతను” అనుకోవడం. ప్రత్యభిజ్ఞ అంటారు. పనివేళ ఆ జ్ఞానాన్ని పక్కన పెట్టమని అతనికి ఎవరో చెప్పారు.

మిర్చీబజ్జీ | ఆదివారం, ఉదయం 9.52

బియ్యం రాలేదంటే ఇనపగుండు ఇచ్చారు. బాగుంది మేష్టారూ.

కరకట్ట | ఆదివారం, ఉదయం 10.03

మిర్చీబజ్జీ గారూ, ఆయన చెప్పింది నాకు అర్థమైంది, మీకూ అవుతుంది, ఇంకోసారి చదవండి.

లెక్కలటీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 12.30

సున్నా_ఒకటి తమ్ముడూ, ఆ 8000లో ఒకటి అన్న లెక్క మా పదో తరగతి పిల్లలు రాస్తే సున్నా వేస్తాను. ఐదు శాతాన్ని మూడుసార్లు గుణించాలంటే మూడు ప్రయత్నాలకీ ఒకదానితో ఒకటి సంబంధం ఉండకూడదు. ఇక్కడ మూడుసార్లూ అదే అరిగిన వేలు, అదే మిషను, అదే కారణం. మొదటిసారి అరుగుదల వల్ల పడకపోతే రెండోసారీ దాదాపు అందుకే పడదు. ఊళ్లో ముగ్గురు ఒకే మాట చెప్పారని నమ్ముతాం, తర్వాత తెలుస్తుంది ముగ్గురూ విన్నది ఒక్క నోటి నుంచేనని. ముగ్గురు సాక్షులు కాదు, ఒక్కడే.

ఇంకో లెక్క చేద్దాం, పెన్ను పట్టుకోండి. ఒక దుకాణం కింద 1000 కార్డులు. అందులో 10 బోగస్, 990 అసలువి. బోగస్ వాళ్లు పదిమందీ మిషనుకి దొరికిపోతారనుకుందాం, అంత గొప్ప మిషన్. అసలువాళ్లలో మాత్రం 100కి ఐదుగురి ముద్ర పడదు. 990లో ఐదు శాతం దాదాపు 50. మొత్తం 60 మందికి ముద్ర పడలేదు. అందులో దొంగలు 10, నిజమైనవాళ్లు 50. అంటే మిషన్ కాదన్న ప్రతి ఆరుగురిలో ఐదుగురు వాళ్లే, వాళ్ల బియ్యానికే వచ్చారు!

95 శాతం కరెక్ట్ అనే మాటకి, కాదన్నవాళ్లలో 95 శాతం దొంగలు అనే మాటకి ఎంత తేడా ఉందో చూడండి. నేను కూడా డిగ్రీ చదివేటప్పుడు రెండూ ఒకటే అనుకున్నాను.

సున్నా_ఒకటి | ఆదివారం, మధ్యాహ్నం 1.15

మూడు ప్రయత్నాల దగ్గర నేను తప్పే, ఒప్పుకుంటున్నా అక్కా. రోజూ చేసే పనిలో ఇలా రాస్తే నన్నే కోడ్ రివ్యూలో ఉతికేవాళ్లు.

కానీ ఆ 10 బోగస్ అనే అంకె మీరు ఎక్కణ్ణుంచి తెచ్చారు? 100 ఉంటే?

లెక్కలటీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 1.48

ఎక్కణ్ణుంచీ తేలేదు, ఉదాహరణకి పెట్టాను. 100 పెట్టి చేద్దాం. అసలువాళ్లు 900, వాళ్లలో 45 మందికి పడదు. దొరికినవాళ్లు 100. మొత్తం 145లో వందమంది దొంగలే. అప్పుడు నీ వాదన నిలబడుతుంది.

అదే ఇక్కడ కిటుకు. మిషను కాదన్నప్పుడు వెలిగే ఎర్ర లైటు అర్థం ఆ లైటులో లేదు. ఆ ఊళ్లో అసలు ఎంత మోసం ఉందన్నది ముందే తెలిస్తే గానీ దాన్ని చదవలేం. థామస్ బేస్ అనే ఇంగ్లండు మతగురువు 1761లో చనిపోయాక ఆయన కాగితాల్లో దొరికిన వ్యాసాన్ని స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ 1763లో అచ్చువేయించాడు. ముందున్న నమ్మకాన్ని కొత్త సాక్ష్యం ఎంత కదపాలో చెప్పే లెక్కకి మొదలు అదే. నమ్మకాన్ని పూర్తిగా పారేయడం, పూర్తిగా పట్టుకు వేలాడడం అనే రెండు దారులే ఉన్నాయనుకుంటాం మనం. మధ్యలో వీసెలూ పలాలూ ఉన్నాయి.

తీసుకున్న ఐదు శాతం మాత్రం గాల్లోంచి రాలేదు. 2016-17 కేంద్ర ఆర్థిక సర్వేలో ఆధార్ ధ్రువీకరణ విఫలమైన అంచనాలు ఇచ్చారు. మన కృష్ణా జిల్లాకి 5 శాతం, గుజరాత్‌కి 6, రాజస్థాన్‌కి 37, ఝార్ఖండ్‌కి 49. ఒకే టెక్నాలజీ, ఒకే దేశం.

పాతడీలరు | ఆదివారం, సాయంత్రం 5.20

నేను ఖమ్మం వైపు 27 ఏండ్లు దుకాణం నడిపిన. ఇప్పుడు కొడుకు చూస్తున్నడు. అందరూ డీలర్లని తిట్టేది తెలుసు, కాబట్టి దాచకుండా చెప్తా. రిజిస్టరు రోజుల్లో నా దగ్గరా చచ్చినవాళ్ల కార్డులు ఉండేవి. పైనుంచి కిందిదాకా అందరికీ తెలుసు. మిషను వచ్చినంక అవి పోయినయ్. ఆ పిల్లగాడు చెప్పిన మాట అబద్ధం కాదు.

కానీ నా రోజుల్ల మిషను మనిషిని పట్టుకుంటుండె గానీ తూకాన్ని పట్టుకోకపోతుండె. వేలు పడ్డ మనిషికి అరకిలో తక్కువ పోసినా దానికి గ్రీన్ లైటే.

ఇంగ ఆ డీలరు పిరికోడా అన్నరు. కాదు బిడ్డా. ముద్ర పడకుండా నేను బియ్యం పోస్తే సాయంత్రం స్టాకు లెక్కలో తేడా వస్తది. ఆ తేడా నా మెడకి. అధికారి వస్తే “ఆమెని నేను ఎరుగుదును” అన్న మాట ఏ కాలంలో రాసుకోవాలె? కాలమే లేదు. పాత రిజిస్టరులో “రిమార్కులు” అని ఒక గడి ఉండె. సగం దొంగతనం ఆ గడిలనే జరిగింది, నిజమే. సగం ధర్మం కూడా ఆ గడిలనే జరిగింది.

కరకట్ట బాబూ, బొటనవేలు ఒక్కటే పెట్టి చూసిన్రా? పదివేళ్లూ పెట్టిచ్చి చూడున్రి. పని చేసే చేతికి బొటనవేలు, చూపుడువేలు ముందు అరుగుతయ్. ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు ఎక్కువసార్లు బతికిస్తయ్.

బర్మింగ్‌హామ్_బావ | ఆదివారం, రాత్రి 11.35

డీలరు గారి మెడ మాట చదివాక రాయకుండా ఉండలేకపోతున్నా. నేనుండే దేశంలో ఇదే కథ బియ్యంతో కాదు, పోస్టాఫీసులతో జరిగింది.

ఇక్కడ చిన్న పోస్టాఫీసులు చాలావరకు కిరాణా కొట్టుతో కలిపి కుటుంబాలు నడుపుతాయి. మన దేశం నుంచి వచ్చినవాళ్లు కూడా చాలామంది. 1999 నుంచి వాళ్లందరికీ హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కల వ్యవస్థ పెట్టారు. సాయంత్రం లెక్క మూసేసరికి డబ్బు తక్కువ చూపించేది. వేలల్లో. కొందరు ఇల్లు తాకట్టు పెట్టి కట్టారు. 2015 లోపు 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద దోషులయ్యారు. గర్భంతో ఉండి జైలుకెళ్లినావిడ ఉంది. తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉందని 2019లో హైకోర్టు తేల్చింది. చివరికి 2024లో పార్లమెంటు చట్టమే చేసి శిక్షలు ఒక్కసారిగా కొట్టేసింది.

ఇంత కాలం ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదంటే, రెండు కారణాలు నాకు కనిపిస్తాయి. ఒకటి, ఇక్కడి కోర్టుల్లో కంప్యూటర్ సరిగానే పనిచేస్తోందని ముందే అనుకుంటారు. కాదని చూపించాల్సింది అవతలివాళ్లు. కొట్టు నడుపుకునే మనిషి ఎక్కణ్ణుంచి చూపిస్తాడు, సోర్స్ కోడ్ అతని దగ్గరుంటుందా? రెండోది ఇంకా ఘోరం. ఫిర్యాదు చేసిన చాలామందికి ఒకటే జవాబు వచ్చిందని విచారణలో చెప్పారు: “ఈ సమస్య మీ ఒక్కరికే వస్తోంది.” టీచర్ గారు చెప్పిన సాక్షుల సంగతి తిరగేయండి. ఇక్కడ వందలమంది విడివిడి సాక్షులున్నారు, ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు. వాళ్లని ఒకరికొకరు కనపడకుండా ఉంచారు. ప్రతివాడూ తనొక్కడే అనుకున్నాడు. అందరూ కలిసి ఒక హాల్లో కూర్చున్న రోజు నుంచి కథ మారింది.

వకీలుసాబ్_కాదు | సోమవారం, ఉదయం 9.10

పేరులోనే ఉంది, నేను లాయర్ని కాదు, కోర్టు క్లర్కుగా చేశాను. సుప్రీంకోర్టులో ఆధార్ కేసు తీర్పు 2018 సెప్టెంబరు 26న వచ్చింది, నలుగురు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు. ధ్రువీకరణ విఫలమైందని అర్హులెవరికీ పథకం ఆగదని అటార్నీ జనరల్ చెప్పిన మాటని మెజారిటీ తీర్పు నమోదు చేసుకుంది. ఆ తీర్పుతో విభేదించిన ఒక్కరు, జస్టిస్ చంద్రచూడ్, మనిషి హక్కులూ గౌరవమూ అల్గారిథమ్‌ల మీద, సంభావ్యతల మీద ఆధారపడకూడదన్నారు.

అంటే అటూ ఇటూ చదివినా ఆవిడకి బియ్యం రావాల్సిందే. కాగితం మీద.

సున్నా_ఒకటి | సోమవారం, మధ్యాహ్నం 1.02

రాత్రి నిద్ర పట్టలేదు, అబద్ధం కాదు. లెక్క తప్పినందుకు కాదు. “మిషన్‌కి కులం తెలియదు” అని చాలా ధీమాగా రాశాను. 5 శాతం అంటే నా బుర్రలో వందమందిలో ఎవరో ఐదుగురు, ఈ నెల వీళ్లు, వచ్చే నెల వాళ్లు, లాటరీలాగా. నా వేలు ఆఫీసు గేటు దగ్గర రోజూ పెడతా, ఆరేళ్లలో ఒక్కసారి తప్పింది, అదీ చేతికి మామిడిపండు రసం ఉండి. ఆ ఐదు శాతంలో నేను ఎప్పటికీ ఉండను. రొయ్యల షెడ్డు, ఇటుక బట్టీ, అంట్ల సబీనా, వయసు. ఎవరి చేతులకి పని ఎక్కువో వాళ్లే ప్రతి నెలా. మిషన్‌కి కులం తెలియకపోవచ్చు, చేసిన పని మాత్రం తెలుస్తుంది. మన దగ్గర ఏ పని ఎవరు చేస్తారో చెప్పక్కర్లేదు కదా.

నా ఫీల్డ్‌లోనే 2018లో జాయ్ బులామ్విని, టిమ్నిట్ గెబ్రూ ముఖం చూసి ఆడో మగో చెప్పే సాఫ్ట్‌వేర్లని పరీక్షించారు. తెల్ల మగవాళ్ల విషయంలో తప్పు 0.8 శాతం దాటలేదు, నల్లటి ఆడవాళ్ల దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ 34.7 శాతం తప్పింది. సగటు చూస్తే బాగానే ఉంటుంది. ఆ పేపర్ నేను చదివాను, ఆఫీసులో ప్రెజెంటేషన్ కూడా ఇచ్చాను. ఇక్కడ మాత్రం గుర్తుకురాలేదు.

మిషన్ ఉండాలనే ఇప్పటికీ అంటాను. డీలరు గారే చచ్చినవాళ్ల కార్డులు పోయాయన్నారు. కానీ ఎర్ర లైటు పడితే ఏం చేయాలన్నది మిషన్ తేల్చే విషయం కాదు. ముందు బియ్యం ఇచ్చి, ఫొటో తీసి, తర్వాత విచారిస్తే? ఒక నెల బియ్యం దొంగకి పోతే సర్కారుకి ఎంత నష్టం, ఆవిడకి పోతే ఎంత?

పాతడీలరు | సోమవారం, మధ్యాహ్నం 2.30

మంచిగనే చెప్పినవ్ తమ్మీ. కానీ ఆ “ముందు ఇచ్చేయ్” మీట నాలాంటోని చేతిలో పెడితే మూడు నెలల్లో ఏమైతదో నాకే తెలుసు. చచ్చినోళ్లకి మళ్లీ వేళ్లు అరుగుతయ్.

సున్నా_ఒకటి | సోమవారం, మధ్యాహ్నం 2.41

😀 అయితే ఏం చేద్దామంటారు?

పాతడీలరు | సోమవారం, మధ్యాహ్నం 3.15

మీట ఉండాలె. ఎవరెవరికి నొక్కిండో ఆ పేర్లు దుకాణం గోడ మీద అంటియ్యాలె. ఊరికి తెలుసు ఎవరు బతికున్నరో.

తర్కశాల | సోమవారం, సాయంత్రం 6.00

డీలరు గారి గోడ మీద నేను ఓ గంట ఆలోచించాను. ఇంతమందిమి ఇంత రాసి చేరని చోటికి ఆయన రెండు వాక్యాల్లో చేరారు.

క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1877లో ఒక ఓడ యజమాని గురించి రాశాడు. ఓడ పాతది. మరమ్మతు చేయించాలేమోనని యజమానికే అనుమానం. ఇన్ని ప్రయాణాలు చేసింది కదా, దేవుడున్నాడు కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. చివరికి నిజంగానే నమ్మాడు, నటన కాదు. ఓడ మునిగింది. బీమా డబ్బు తీసుకుని నోరు మెదపలేదు. క్లిఫర్డ్ అనేది, ఓడ మునగకుండా ఒడ్డుకి చేరినా అతను దోషేనని. ఆ సాక్ష్యం మీద అలా నమ్మే హక్కు అతనికి లేదు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే అమెరికాలో విలియం జేమ్స్ అనే తత్వవేత్త దీన్ని ఎదిరించాడు. సాక్ష్యం అంతా వచ్చేదాకా ఆగలేని సందర్భాలుంటాయి, అప్పుడు నమ్మకపోవడం కూడా ఒక పందెమే అన్నాడు. క్లాసులో నేను ప్రతి ఏడూ జేమ్స్ వైపు ఉండేవాణ్ణి, పిల్లలు క్లిఫర్డ్ వైపు.

ఇప్పుడు కనిపిస్తున్నది వేరు. ఓడ యజమాని నమ్మకానికి మునిగింది ప్రయాణికులు. అతను ఒడ్డునే ఉన్నాడు. జేమ్స్ చెప్పిన పందెంలో ఒడ్డేది తన బతుకే కాబట్టి అది అతని ఇష్టం. మిషన్ మీద పందెం కాసేది హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో, ఓడితే సంచి ఖాళీ అయ్యేది దివిసీమలో. అనుమానం పూర్తిగా పోయే ఏర్పాటు ఎవరూ చేయలేరు. దాని ఖర్చు ఎవరు భరించాలో మాత్రం ఎవరో కూర్చుని రాస్తారు, ఒక సర్క్యులర్‌లో. ఏ చేతులతో పుడతారో ముందు తెలియకపోతే ఆ రాసేవాళ్లు ఎలా రాసేవారు అని అడిగే పద్ధతి అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో పెట్టాడు. ఆయన పుస్తకం 600 పేజీలు. డీలరు గారిది ఒక గోడ.

మిర్చీబజ్జీ | సోమవారం, సాయంత్రం 6.20

మేష్టారూ, ఇనపగుండు మాట వెనక్కి తీసుకుంటున్నా. మా నాన్న తాపీమేస్త్రీ. ఆయనకీ పడదు. మేం ఆయన చేతకానితనం అనుకునేవాళ్లం, సరిగ్గా నొక్కట్లేదని అరిచేవాళ్లం.

లెక్కలటీచర్ | సోమవారం, సాయంత్రం 6.31

సిమెంటు చేతులకి పడదు బాబూ. గట్టిగా నొక్కితే ఇంకా పడదు, మెల్లగా ఆనించమను.

కరకట్ట | మంగళవారం, ఉదయం 11.48

అందరికీ దండాలు. ఇవాళ మళ్లీ వెళ్లాం. బొటనవేళ్లు రెండూ పడలేదు. డీలరు గారు చెప్పినట్టు ఒక్కొక్క వేలూ పెట్టిస్తుంటే మా డీలరే విసుక్కోకుండా లెక్కపెట్టాడు. తొమ్మిదో వేలికి, ఎడమ చేతి ఉంగరపు వేలికి, ‘టింగ్’ మంది. క్యూలో ఎవరో చప్పట్లు కొట్టారు కూడా.

అమ్మమ్మ సంచి పట్టుకుని కదలకుండా నిలబడింది. మిషను వైపు చూసి అడిగింది: “ఇవాళ నేను నేనేనంటోందా? మరి పోయిన నెల వచ్చినావిడ ఎవరంట?”

డీలరు నవ్వాడు, నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. పోయిన నెల బియ్యం కూడా కలిపి పొయ్యమంది.

పాతడీలరు | మంగళవారం, మధ్యాహ్నం 12.10

అది రాదు బిడ్డా. నెల దాటినంక ఆ కోటా మూసేస్తరు. ఆమెకి మెల్లగ చెప్పు.